బ్యాండు మోగితే ఆగిపోయే గుర్రం

కొత్తగా ఉద్యోగంలో చేరే పశువైద్యులకు నేను మొదట చెప్పేది ఒకటే. మీరు కాలేజీలో చదివిన జంతువులు మీ ఆసుపత్రికి రావు. వచ్చే జంతువుల గురించి మీరు చదివి ఉండరు. నేను ముప్పై మూడేళ్లు పెనుకొండ, ధర్మవరం, హిందూపురం పశువుల ఆసుపత్రుల్లో పనిచేసి రిటైరయ్యాను. అందులో చాలా భాగం గొర్రెల దవడలు తెరిచి నట్టల మందు పోయడంలో గడిచిపోయింది. మిగిలింది ఈనలేక అవస్థపడే గేదెల దగ్గర, "మా మేకకు దిష్టి తగిలింది, ఇంజెక్షన్ ఇవ్వండి" అనే మనుషుల దగ్గర గడిచింది.

గుర్రం గురించి నాకు తెలిసింది పరీక్షలో రాసినంత మాత్రమే. రాసి బయటికి వచ్చిన మధ్యాహ్నమే అందులో సగం మరిచిపోయాను. అలాంటిది నా ఉద్యోగంలో నాకు నిజంగా బుద్ధి చెప్పింది ఒక గుర్రం. దాని దగ్గర నేను రెండు తప్పులు చేశాను. రెండూ పెద్దవే. మిగతా చిన్నచిన్న తప్పులు రాయాలంటే ఇంకో పుస్తకం కావాలి కాబట్టి ఈ రెండింటితో సరిపెడతాను.

చేతులు జేబులో పెట్టుకో

ముందు నా మొదటి అధికారి సంగతి చెప్పాలి. పెనుకొండలో ఆయన్ని అందరూ పెద్దసారు అనేవాళ్లు. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. ఎండైనా వానైనా చంకలో గొడుగు ఉండాల్సిందే. ఆ గొడుగు తెరవగా చూసినవాళ్లు మాత్రం ఎవరూ లేరు.

నేను చేరిన మొదటి వారంలో ఒక రైతు గొర్రెను తోలుకొచ్చాడు. కదిరి సంతలో కొన్నాడట, రెండు రోజులుగా మేత ముట్టడం లేదట. నేను కొత్త ఉత్సాహంలో ఉన్నాను. థర్మామీటరు పెట్టాను, నోరు తెరిచాను, కడుపు నొక్కాను, కళ్లు లాగి చూశాను. సూది కూడా సిద్ధం చేశాను. పెద్దసారు లోపలి నుంచి వచ్చి, "ఏమప్పా, కాసేపు చేతులు జేబులో పెట్టుకో" అన్నాడు.

పెట్టుకున్నాను. ఆయన మెట్టు మీద కూర్చుని గొర్రెను చూడటం మొదలుపెట్టాడు. పది నిమిషాలు అట్లే చూశాడు. గొర్రె మాత్రం మాటిమాటికీ తల తిప్పి గేటు వైపు చూస్తోంది.

"దీని జత గొర్రె యాడుండాది?" అన్నాడు పెద్దసారు.

"బయట ఆటోలో ఉండాది సార్. అది బాగానే ఉండాది, దాన్ని ఎందుకులే అని లోపలికి తేలేదు" అన్నాడు రైతు. ఇంట్లో కూడా రెండింటినీ వేర్వేరు చోట్ల కట్టేస్తున్నాడట, కొట్లాడుకుంటాయేమోనని.

దాన్ని తెచ్చి పక్కన నిలబెట్టగానే మన రోగి ఆసుపత్రి ప్రహరీ పక్కన ఉన్న గడ్డి అంతా మేసేసింది. పెద్దసారు గొడుగు చంకలో పెట్టుకుని లోపలికి పోతూ, "జంతువు నోరు తెరిచి చెప్పదు. కానీ చెప్పాల్సిందంతా ముందే చెప్పేసి ఉంటాది. నువ్వు చేతులు పెట్టేసరికి భయపడి చెప్పడం ఆపేస్తాది" అన్నాడు.

ఈ మాట నేను ముప్పై ఏళ్లపాటు జూనియర్లందరికీ గొప్పగా చెప్పాను. నేను మాత్రం సమయానికి మరిచిపోయేవాణ్ణి. ఇతరులకు చెప్పే మాటలతో వచ్చే చిక్కు అదే.

చామంతి

నేను చివరగా పనిచేసిన హిందూపురంలో నరసింహులు అని ఒకతను ఉండేవాడు. పెళ్లిళ్లకు గుర్రాన్ని తీసుకుపోవడం అతని బతుకు. మనిషి లావు, మాట మెత్తన. భార్య ఓబుళమ్మ సన్నం, మాట గట్టి. వాళ్ల గుర్రం ఒకప్పుడు బెంగళూరు రేసుల్లో పరిగెత్తింది. పరిగెత్తింది అనడం మర్యాద కోసమే. ప్రతి రేసులోనూ చివరన వచ్చేదట. దానితో వచ్చిన కాగితాల్లో ఎవరో ఇంగ్లీషు మహారాణి పేరు ఉంది. నరసింహులుకు ఆ పేరు నోరు తిరగలేదు. చామంతి అని పిలిచాడు. అదీ ఆ పేరుకే పలికింది.

పెళ్లికొడుకులకు తెల్లగుర్రం కావాలి. చామంతి గోధుమరంగు. అందుకని ఊళ్లో ఉన్న తెల్లగుర్రం వేరే పెళ్లికి పోయినప్పుడు మాత్రమే దీనికి పిలుపు వచ్చేది. ఒకసారి నరసింహులు తెలివి చూపించి దానికి ఒళ్లంతా పౌడరు పూశాడు. ఆ ఊరేగింపులో, మా వైపు మెరవణి అంటాం, పెళ్లికొడుకు దిగేసరికి అతని నల్ల ప్యాంటు తెల్లబడింది, గుర్రం గోధుమరంగుకు తిరిగొచ్చింది. తర్వాత మళ్లీ ఆ ప్రయోగం చేయలేదు.

కానీ మెరవణి పనిలో చామంతికి సాటి లేదు. మా వైపు పెళ్లికొడుకు ఊరేగుతుంటే బంధువుల ఇళ్ల ముందు ఆగాలి. బ్యాండు గట్టిగా వాయిస్తారు. గుర్రం నిలబడి కాళ్లు ఎత్తి ఎత్తి వేయాలి. ఇంటావిడ పళ్లెంలో ఎర్రనీళ్లతో వచ్చి, మూడుసార్లు తిప్పి దిష్టి తీసి, ఆ నీళ్లు గుర్రం కాళ్ల ముందు పోస్తుంది. అప్పుడే మెరవణి కదులుతుంది. ఏడెనిమిదేళ్లు ఇదే పని చేసి చామంతికి ఈ పద్ధతి అంతా ఒంటబట్టింది. బ్యాండు మోగితే ఆగుతుంది. నీళ్లు పడితే కదులుతుంది. మధ్యలో పెళ్లికొడుకు కాళ్లతో పొడిచినా, మామగారు తోక పట్టి లాగినా అంగుళం కదలదు. ఒక పెళ్లిలో ఎవరో పళ్లెం రెండుసార్లే తిప్పి నీళ్లు పోస్తే, అది మూడోసారి కోసం అట్లే నిలబడిందని ఓబుళమ్మ గర్వంగా చెప్పేది.

ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. నేను గుర్తుపెట్టుకోలేదు.

మొదటి తప్పు

కరోనా వచ్చింది. పెళ్లిళ్లు ఇంటి హాల్లోనే, పదిమందితో జరిగాయి. పెళ్లికొడుకు పడగ్గది నుంచి హాలుకు రావడానికి గుర్రం అక్కర్లేదు. ధర్మవరంలో పెళ్లి పట్టుచీరలు నేసే మగ్గాలు ఆగిపోయాయి. ఏ వీధిలోకి పోయినా వినిపించే ఆ టకటక శబ్దం లేక ఊరు ఊరులా అనిపించలేదు. బ్యాండువాళ్లు కూరగాయల బండ్లు తోశారు. క్లారినెట్ వాయించే మునెప్ప, బ్యాండు మేస్త్రి, టమోటాలు అమ్మేవాడు. "టమోటా" అనే మాటను రాగం తీసి అరిచేవాడు కాబట్టి కొనేవాళ్లు కొంచెం ఎక్కువగానే ఉండేవారు.

ఆ రోజుల్లోనే నరసింహులు చామంతిని నడిపించుకుంటూ ఆసుపత్రికి వచ్చాడు. ఎడమ ముందరికాలు కుంటుతోంది.

నేను చేతులు జేబులో పెట్టుకోలేదు. తిన్నగా భుజం పట్టుకున్నాను. గట్టిగా నొక్కితే అది మూలిగినట్టు అనిపించింది. అంత గట్టిగా ఎవరు నొక్కినా ఎవరైనా మూలుగుతారు. భుజం కీలు అరిగిపోయిందని తేల్చి వరసగా అయిదు రోజులు ఇంజెక్షన్లు ఇచ్చాను. తగ్గలేదు. ఆరోరోజు పెద్దమనిషి తరహాలో గొంతు సవరించుకుని, "నరసింహులూ, ఇంక దీంతో పని కాదప్పా. ఎవరికన్నా ఇచ్చేయడం మంచిది" అన్నాను.

అతను గుర్రం మెడ మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. ఓబుళమ్మ మాత్రం, "మీ ఇంట్లో ఎవరికన్నా కాలు నొప్పొస్తే ఇచ్చేస్తారా సార్?" అని అడిగింది. 

రెండు రోజుల తర్వాత లాడాలు కొట్టే దస్తగిరి తాత ఆసుపత్రికి వచ్చాడు. ఆయనకు డెబ్బై దాటాయి. చెవులు సరిగా వినపడవు కాబట్టి ఎదుటివాడు చెప్పేది వినే బాధ ఆయనకు లేదు.

"సార్, ఒకసారి బయటికి రాండి" అన్నాడు. బయట చామంతి నిలబడి ఉంది. ఆయన దాని గిట్టను ఒళ్లో పెట్టుకుని, పట్టకారుతో అక్కడక్కడా మెల్లగా నొక్కాడు. ఒకచోట గుర్రం కాలు ఠక్కున వెనక్కి లాక్కుంది. ఆయన ఉలితో కొంచెం గీరాడు. లాడం ఊడినప్పుడు విరిగి లోపలే మిగిలిపోయిన మేకు ముక్క, దాని వెంట ఇంత చీము బయటికి వచ్చాయి. మేకు ముక్క గోరంత కూడా లేదు.

"భుజానికి ఇచ్చిన సూదులు బానే పనిచేసినాయి సార్. భుజం చానా బాగుండాది" అన్నాడు దస్తగిరి.

ఎగతాళి చేశాడా, నిజంగానే అన్నాడా అని నేను చాలా రోజులు ఆలోచించాను. ఎగతాళే.

ఆ తర్వాత పదిహేను రోజులు నేనే స్వయంగా పొద్దునా సాయంత్రం వాళ్ల కొట్టానికి పోయి, గోరువెచ్చటి ఉప్పునీళ్లలో ఆ కాలు పెట్టించి, కట్టు కట్టి వచ్చాను. నన్ను అక్కడికి రమ్మని ఎవరూ అనలేదు. సిగ్గు తీసుకుపోయింది. చామంతి కుంటు పూర్తిగా పోయింది. మీకు చెప్పొచ్చేదేమంటే, గుర్రం కుంటితే ముందు గిట్ట చూడండి. తర్వాత ఇంకోసారి గిట్ట చూడండి. భుజం ఎక్కడికీ పారిపోదు.

పది మూటల ఉలవలు

కాలు బాగైంది గానీ పెళ్లిళ్లు బాగుపడలేదు. కరోనా తగ్గాక కూడా జనం పెళ్లిళ్లు చిన్నగానే చేసుకున్నారు. చామంతి తినే మేతకే కష్టమైంది. తమిళనాడు వైపు నుంచి ఒక బ్రోకరు వచ్చి దాన్ని చూసిపోయాడు. అతను గుర్రాన్ని ఎందుకు కొంటాడో ఎవరూ అడగలేదు, అతని లారీ ఎక్కిన గుర్రం ప్రాణంతో మిగలదని అందరికీ తెలుసు.

అప్పుడే పెనుకొండ దగ్గర ఒక ఊళ్లో, రెండేళ్లు ఆగిన జాతర మళ్లీ పెట్టారు. అందులో గుర్రాల పందెం ఒక పెద్ద ముచ్చట. మొదటి బహుమతి పది మూటల ఉలవలు. ఇంటి దగ్గర దొరికే జొన్నసొప్ప కలుపుకుంటే చామంతికి ఏడాది గడిచిపోతుంది.

ఓబుళమ్మ తేల్చేసింది. "ఉలవలు వస్తే చామంతి ఉంటాది సార్. రాకుంటే జాతరైన మర్నాడు బ్రోకరు లారీ వస్తాది. ఇంక మధ్యలో మాటల్లేవు."

నరసింహులు ఎక్కితే గుర్రం ముందుకు పోయే బదులు కిందికి పోతుంది. అందుకని ఓబుళమ్మ తమ్ముడు రామాంజి వచ్చాడు. ధర్మవరంలో మగ్గం నేసేవాడు. మగ్గం ఆగినప్పటి నుంచి మనిషి సగమయ్యాడు. "నా బరువు గుర్రానికి తెలీనే తెలీదు సార్, నాకే తెలీడంలేదు" అని నవ్వేవాడు. ఆ నవ్వు చూసి నవ్వాలో వద్దో మనకు తెలిసేది కాదు.

పొద్దున్నే పెన్నా ఇసుకలో సాధన మొదలైంది. చామంతి బెంగళూరులో ఎందుకు ఓడిపోయేదో మొదటిరోజే తెలిసిపోయింది. దానికి తోటి గుర్రాలంటే ఇష్టం. వాటిని దాటిపోవడం దానికి మర్యాదగా అనిపించదు. ఎదురుగా ఏదైనా ఆశ ఉంటేనే దాటుతుంది. ఆ ఆశ ఏమిటో ఓబుళమ్మకు తెలుసు. ఆమె దూరంగా బకెట్టులో ఉలవ గుగ్గిళ్లు, ఉడికించిన నీళ్లతో సహా, పట్టుకుని నిలబడి, "చామంతీ" అని ఒక కేక వేసేది. అంతే, గుర్రం గుర్రంలా కాకుండా పోలీసు జీపు చూసిన ఆటోలా దూసుకొచ్చేది.

మొదట చూడటానికి నలుగురు వచ్చారు. వారం తిరిగేసరికి ఇసుకలో జనం. ధర్మవరం నుంచి నేతగాళ్లు పొద్దున రైలుకు వచ్చి చూసిపోయేవాళ్లు. పని లేక ఇళ్లల్లో ముఖాలు చూసుకుంటూ కూర్చున్న మనుషులు వాళ్లు. ఆసుపత్రికి మేకను తెచ్చిన ముసలావిడ కూడా మేక సంగతి వదిలేసి, "చామంతి నిన్న ఎట్ల పరిగెత్తె సార్?" అని అడిగేది. అందరిచేతా పనికిరాదనిపించుకున్న గుర్రం అది. నాచేత కూడా. అది గెలిస్తే తమకు కూడా ఏదో ఒకటి తిరిగొస్తుందని వాళ్లకు అనిపించినట్టుంది. నాకూ అనిపించింది, దాచడం ఎందుకు?

పందెంలో పాల్గొనే గుర్రాలకు ప్రభుత్వ డాక్టరు సర్టిఫికెట్ కావాలి. మా పై అధికారిణి ఫోన్ చేసి, "వయసు మళ్లిన గుర్రం. పందెంలో పడితే పేపర్లో నీ పేరే వస్తుంది. సంతకం పెట్టకు" అన్నారు. ఆమె చెప్పిందాంట్లో తప్పేమీ లేదు. పెడితే గుర్రం కాలు విరగొచ్చు. పెట్టకపోతే లారీ వస్తుంది.

ఈసారి నేను చేతులు జేబులో పెట్టుకున్నాను. నాలుగు రోజులు పొద్దున్నే ఇసుకలో నిలబడి చూశాను. నడిచేటప్పుడు చూశాను, పరిగెత్తేటప్పుడు చూశాను, పరిగెత్తి వచ్చి నిలబడ్డాక ఊపిరి ఎంతసేపటికి కుదుటపడుతోందో చూశాను. రోజూ నాలుగు గిట్టలూ ఎత్తి చూశాను. దస్తగిరిని కూడా చూడమన్నాను. అయిదోరోజు సంతకం పెట్టాను. నా ఉద్యోగంలో భయపడుతూ పెట్టిన సంతకం అదొక్కటే. ధైర్యంగా పెట్టినవాటిలో చాలావాటికి భయపడి ఉండాల్సింది.

రెండో తప్పు

పెనుకొండ కొండ కింద, పంట కోసేసిన బీడులో పందెం. అయిదు గుర్రాలు. చామంతి తప్ప మిగతా నాలుగూ నిగనిగలాడుతున్నాయి. వాటిలో గట్టిది కర్ణాటక అంచున ఉన్న రొళ్ల నుంచి వచ్చిన నల్లగుర్రం. దాని యజమాని వెంకటరమణప్ప, మీసాలు పెద్దవి, గొంతు అంతకంటే పెద్దది. తెలుగులో మొదలుపెట్టి కన్నడంలో ముగించేవాడు.

జాతర కమిటీవాళ్లు నన్ను పందెం ముగిసే గీత దగ్గర నిలబెట్టారు. డాక్టరు కాబట్టి అబద్ధం చెప్పడని వాళ్ల నమ్మకం. చేతికి ఒక ఎర్ర తువ్వాలు ఇచ్చి, "మొదటి గుర్రం గీత దాటినాక దీన్ని ఊపల్ల సార్. మీరు ఊపినాకే బ్యాండు" అన్నారు. బ్యాండు మునెప్పదే. రెండేళ్ల తర్వాత మొదటి పిలుపు అది. కోటు వేసుకుని, పాతబడిపోయిన టోపీ పెట్టుకుని, క్లారినెట్ నోటి దగ్గరే పట్టుకుని నా చేతి వైపు చూస్తూ నిలబడ్డాడు. గీతకు అవతల ఓబుళమ్మ బకెట్టుతో ఉంది.

పందెం మొదలైంది. సగం దూరం వరకు చామంతి మిగతా గుర్రాల మధ్యలో కబుర్లు చెప్పుకుంటున్నట్టు పరిగెత్తింది.  అప్పుడు ఓబుళమ్మ గొంతు బీడంతా వినపడేలా "చామంతీ" అని కేక వేసింది.

ఆ తర్వాత నేను చూసింది మాటల్లో పెట్టలేను. చెవులు వెనక్కి వాల్చి, మెడ చాచి, ఒక్కొక్క గుర్రాన్నే దాటుకుంటూ వచ్చేసింది. నల్లగుర్రాన్ని కూడా దాటింది. వెనక గుర్రానికి, దీనికి మధ్య చాలా జాగా. రామాంజి దాని మెడ మీద గుడ్డముక్కలా అతుక్కుని ఉన్నాడు. ధర్మవరం జనమంతా లేచి అరుస్తున్నారు. మేకు ముక్క, భుజం, అయిదు ఇంజెక్షన్లు, ఇచ్చేయమని నేనన్న మాట, అన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. గెలిచేసింది అనుకున్నాను.

చేతులు జేబులో లేవు. తువ్వాలు ఊపేశాను.

గుర్రానికి, గీతకు మధ్య ఇంకా వంద అడుగులు ఉన్నాయి.

మునెప్ప రెండేళ్ల ఊపిరి అంతా ఒకేసారి ఊదాడు. డప్పులు, డ్రమ్ములు దద్దరిల్లాయి. చామంతి నాలుగు కాళ్లూ బిగపట్టి, గీతకు పదిహేను అడుగుల ఇవతల ఆగిపోయింది. రామాంజి దాని చెవుల మధ్య నుంచి ముందుకు వచ్చి, జూలు పట్టుకుని ఎట్లాగో వెనక్కి పోయాడు. తర్వాత అది తల నిటారుగా పెట్టి, కుడికాలు, ఎడమకాలు, కుడికాలు, ఎడమకాలు, నెమ్మదిగా ఎత్తి వేయడం మొదలుపెట్టింది. పెళ్లి అనుకుంది.

వెనక వస్తున్న నాలుగు గుర్రాలకు ఈ పెళ్లిళ్ల అలవాటు లేదు. డ్రమ్ము దెబ్బకు బెదిరి రెండు జొన్నచేలో పడ్డాయి. ఒకటి రైలు పట్టాల వైపు పోయింది. నల్లగుర్రం వెనక్కి తిరిగి జాతర మిఠాయి అంగళ్ల మధ్య దూరింది.

"ఆపండప్పా బ్యాండు!" అని నరసింహులు మునెప్ప మీద పడ్డాడు. బ్యాండు ఆగింది. చామంతి కాళ్లు ఎత్తడం ఆపింది. కానీ కదల్లేదు. గీత వైపు చూస్తూ నిలబడింది. రామాంజి బతిమాలాడు, కాళ్లతో తట్టాడు, చెవిలో ఏదో చెప్పాడు. ఊహూ. మెరవణి ఆగింది, ఇంకా ఇంటావిడ రాలేదు.

ఇంతలో నల్లగుర్రం నడిపేవాడు దాన్ని ఎట్లాగో తిప్పుకుని మళ్లీ గీత వైపు దౌడు తీయించాడు. మిఠాయి అంగడి పరదా ఒకటి దాని మెడలో వేలాడుతూ వస్తోంది.

 పది మూటల ఉలవలు, ఆ గుర్రం ప్రాణం, నా చేతిలోని తువ్వాలుతో పోతున్నాయి.

అప్పుడు ఓబుళమ్మ బకెట్టుతో పరిగెత్తుకొచ్చింది. గుగ్గిళ్లు పెడుతుందేమో అనుకున్నాను. ఆమె చీరకొంగు నడుముకు చుట్టి, గుర్రం ఎదుట నిలబడి, బకెట్టును రెండు చేతులతో ఎత్తి, దాని ముఖం ముందు గుండ్రంగా తిప్పింది. ఒకసారి.

"పోసేయ్ ఓబుళా, గుర్రం వస్తాండాది!" అని నరసింహులు అరిచాడు.

"నోరు ముయ్యి. సరిగ్గా చేయకుంటే కదల్దు" అంటూ రెండోసారి తిప్పింది. నల్లగుర్రం గిట్టల చప్పుడు నేలలో తెలుస్తోంది.  మూడోసారి, తొందరపడకుండా, ఎవరి పెళ్లికైనా తిప్పినంత నిదానంగా తిప్పింది. తిప్పి, ఉలవలు ఉడికించిన ఆ ఎర్రటి నీళ్లు గుర్రం కాళ్ల ముందు పోసింది.

చామంతి కదిలింది. పరిగెత్తలేదు. మెరవణి నడక, తల ఎత్తి, ఒక్కో అడుగూ లెక్కగా వేస్తూ గీత దాటింది. నల్లగుర్రం దాని వెనక మూడు బారల దూరంలో, పరదాతో సహా వచ్చింది.

నేను మైకు అడిగి తీసుకున్నాను.  "తప్పు నాది. తువ్వాలు ముందే ఊపాను. బ్యాండువాళ్ల తప్పు లేదు, గుర్రాల తప్పు లేదు. పందెం మళ్లీ పెట్టమన్నా నేను కాదనను" అన్నాను. చెప్పేటప్పుడు ఓబుళమ్మ ముఖం చూడలేదు. చూసి ఉంటే చెప్పగలిగేవాణ్ణి కాదు.

కమిటీ అంతా వెంకటరమణప్ప వైపు చూసింది. ఆయన మీసాలు సవరించుకుంటూ వచ్చి నా చేతిలోంచి మైకు లాక్కున్నాడు.

"ఏమప్పా డాక్టరూ, నేను గుడ్డోన్ని అనుకుంటివా? నువ్వు ఊపినప్పుడు ఆ గుర్రం ముందుండ్లా? నాది వెనకుండ్లా? మళ్లా పెట్టేది ఎందుకు? అంతసేపు నిలబడి డ్యాన్స్ చేసి, దిష్టి తీయించుకొని, నడిచిపోయి గెలిచింది అది. నాది పరిగెత్తి ఓడిపోయింది. ఇంకోసారి పెట్టి ఇంకా మర్యాద పోగొట్టుకోవాల్నా? ఉలవలు ఆయమ్మకు ఇచ్చేయండి. ముందు నా గుర్రం మెడలో ఆ పరదా ఎవరిదో చెప్పండి, అంగడోడు బయట అరుస్తాండాడు."

ఆ మీసాలను నేను ఇప్పటికీ గౌరవిస్తాను. నరసింహులు నేల మీద కూర్చుని పెద్దగా ఏడ్చాడు. మునెప్ప అడిగాడు, "సార్, ఇప్పుడు వాయించొచ్చునా?" అని. నేను తువ్వాలు ఆయన చేతికే ఇచ్చేశాను.

తర్వాత

బ్రోకరు లారీ రాలేదు. పరుగు పందెంలో నడిచి గెలిచిన గుర్రం మాకే కావాలని ఆ వేసవిలో పెళ్లిళ్లవాళ్లు అడగడం మొదలుపెట్టారు. తెల్లగుర్రం ఖాళీగా ఉన్నా సరే. రామాంజి మగ్గం మళ్లీ ఆడింది. మొదటి చీర అంచులో గుర్రం బొమ్మ నేశాడు. చూస్తే అచ్చం గొర్రెలా ఉంది. అడిగితే, "నేను దాని వీపు మీదనే ఉంటిని కదా సార్. ముఖం ఎప్పుడు చూస్తిని?" అన్నాడు. ధర్మవరంలో కొందరు ఆ గొర్రె అంచునే అడిగి నేయించుకున్నారు. ఒక గుర్రం ఊరి కష్టాలన్నీ తీర్చిందని నేను అనను. ఆ ఏడాది జనం తలెత్తుకుని మాట్లాడుకోవడానికి ఒక సంగతి దొరికింది. అది తక్కువ కాదు.

నేను రిటైరైన రోజున సభ, శాలువా, దండలు, నన్ను నాకే తెలియని మనిషిగా వర్ణించిన ఉపన్యాసాలు అన్నీ అయ్యాయి. బయటికి వస్తే గేటు దగ్గర చామంతి. పక్కన మునెప్ప బ్యాండు. నరసింహులు, దస్తగిరి కలిసి నన్ను మూటలా ఎత్తి గుర్రం మీద కూర్చోబెట్టారు. నా జీవితంలో గుర్రం ఎక్కింది అదొక్కసారే. నా పెళ్లికి ఎడ్లబండి.

ఆసుపత్రి నుంచి మా ఇంటికి నడిస్తే పది నిమిషాలు. బ్యాండు మోగుతూనే ఉంది, చామంతి ప్రతి ఇంటి ముందూ ఆగుతూనే ఉంది. ఆ ఇళ్లవాళ్లు నాకేమీ బంధువులు కారు. కానీ గుర్రం కదలాలంటే దారి లేదు. ఒక్కో ఇల్లాలూ పసుపు, సున్నం కలుపుకుని, చిన్నగా నవ్వుకుంటూ ఎర్రనీళ్లతో బయటికి వచ్చింది. తన మేకను బాగుచేయలేదని నాతో మాట్లాడటం మానేసిన ఆవిడ కూడా వచ్చి మూడుసార్లు తిప్పి పోసింది. జేబులో పెట్టుకోవడానికి నా చేతులు ఖాళీగా లేవు, రెంటితో జూలు గట్టిగా పట్టుకున్నాను. ఇల్లు చేరేసరికి రెండు గంటలు పట్టింది.

మా గుమ్మం ముందు నా భార్య నీళ్లు పోసింది. నన్ను దించారు. అందరూ లోపలికి రండి రండి అంటున్నారు. ఆ గోలలో చామంతి బరువు ఎడమకాలి మీది నుంచి కుడికాలి మీదికి మార్చుకోవడం నాకు కనిపించింది.

"రిటైరైనారు కదా, ఇంకేం చూస్తాండారు?" అంది నా భార్య.

చేతులు జేబులో పెట్టుకుని కాసేపు నిలబడ్డాను. తర్వాత దండలు తీసి ఆమె చేతికిచ్చి, వంగి, చామంతి ఎడమ ముందరి గిట్ట ఎత్తి ఒళ్లో పెట్టుకున్నాను. దస్తగిరి తాత పక్కకు వచ్చి తన పట్టకారు నా చేతికిచ్చాడు. చుట్టూ మెల్లగా నొక్కి చూశాను. గిట్ట శుభ్రంగా ఉంది. అప్పుడు ఇంట్లోకి వెళ్లాను.